'పాలు చాలడం లేదు' అనే ముందు: బాలింత ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చే వివరాలు

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక అది మొదటి రాత్రో, రెండో రాత్రో. బిడ్డ గంటకోసారి లేచి ఏడుస్తోంది. తల్లికి కుట్ల నొప్పి, నిద్ర లేదు. గదిలో ఎవరో ఒకరు, ప్రేమతోనే, "పాలు చాలడం లేదేమో" అంటారు. తెల్లవారేసరికి మెడికల్ షాపు నుంచి పాలపొడి డబ్బా వస్తుంది. మన ఇళ్లలో చాలాసార్లు తల్లిపాలు తగ్గిపోవడం ఈ ఒక్క మాటతోనే మొదలవుతుంది.

నిజంగానే పాలు తక్కువయ్యే తల్లులు ఉన్నారు. అయితే పాలు చాలడం లేదని భయపడే తల్లులతో పోలిస్తే వాళ్లు చాలా తక్కువ. పాలు చాలుతున్నాయో లేదో బిడ్డ ఏడుపును బట్టి తెలియదు. దానికి వేరే లెక్క ఉంది, అది ఇంట్లో ఎవరైనా చూసుకోగలిగిందే. ఆ లెక్కతో పాటు, కడుపుతో ఉన్నప్పటి నుంచి ఉద్యోగంలో తిరిగి చేరేదాకా తెలిసి ఉండాల్సిన విషయాలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాం. ఇది తల్లి ఒక్కతే చదవాల్సింది కాదు. అత్తగారు, అమ్మ, అమ్మమ్మ, భర్త కూడా చదవాలి. బిడ్డ విషయంలో అనుమానం వస్తే డాక్టరు మాటే చివరి మాట.

కడుపుతో ఉన్నప్పుడే చేసుకోవలసినవి

ఏడో నెల దాటాక ఆస్పత్రిలో మూడు విషయాలు అడిగి పెట్టుకోండి. పుట్టిన వెంటనే బిడ్డను తల్లి రొమ్ము దగ్గర పెడతారా? సిజేరియన్ అయితే ఎంతసేపటికి ఇస్తారు? పాలివ్వడంలో ఇబ్బంది వస్తే చూపించి నేర్పే నర్సు ఉంటారా? ప్రసవం రోజున హడావిడిలో ఇవి అడిగే తీరిక ఉండదు.

చనుమొనలు లోపలికి ఉన్నాయనిపిస్తే ముందే డాక్టరుకు చెప్పండి. అలాంటి తల్లులు కూడా పాలివ్వగలరు. బిడ్డ పట్టుకునేది చనుమొన ఒక్కదాన్నే కాదు, చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని కూడా. రొమ్ము పరిమాణానికీ పాలకూ సంబంధం లేదు. ఇంతకుముందు రొమ్ముకు ఆపరేషన్ అయి ఉన్నా, థైరాయిడ్, షుగరు ఉన్నా ఆ మాట చెప్పి ఉంచాలి.

మొదటి గంట

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, మన కేంద్ర ఆరోగ్య శాఖ మూడూ చెప్పేది ఒకటే. పుట్టిన గంటలోపు బిడ్డకు తల్లిపాలు మొదలుపెట్టాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా ఇవ్వకూడదు. ఆ తర్వాత ఇంటి తిండి మొదలుపెట్టి, రెండేళ్లు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించవచ్చు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం ప్రసవాలు ఆస్పత్రుల్లోనే జరిగాయి. కానీ గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతమే. అంటే ఆస్పత్రికి వెళ్లినంత మాత్రాన మొదటి గంట దానంతట అది దక్కడం లేదు. అడిగి తీసుకోవాల్సి వస్తోంది.

పుట్టిన బిడ్డను తుడిచి, బట్టలు లేకుండా తల్లి ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పితే బిడ్డ ఒళ్లు వెచ్చగా ఉంటుంది. చాలామంది పిల్లలు వాళ్లంతట వాళ్లే రొమ్ము వెతుక్కుంటారు. సిజేరియన్ అయినా, వెన్నులో మత్తు ఇచ్చి ఆపరేషన్ చేస్తే తల్లి మెలకువగానే ఉంటుంది కాబట్టి బిడ్డను త్వరగానే పట్టించవచ్చు. పక్కన ఒకరు బిడ్డను పట్టుకుంటే చాలు. బిడ్డ ఫొటోలు, బంధువులకు ఫోన్లు గంట ఆగొచ్చు.

ముర్రుపాలు పిండి పారేయకండి

మొదటి రెండు మూడు రోజులు వచ్చే చిక్కని, పసుపుపచ్చని పాలే ముర్రుపాలు. "అవి అరగవు", "పాతపాలు" అని పిండి పారేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. అందులో బిడ్డకు జబ్బులు రాకుండా కాపాడే పదార్థాలు, విటమిన్ ఏ ఎక్కువగా ఉంటాయి. కడుపులో ఉన్నప్పటి నుంచి పేగుల్లో నిలిచిన నల్లటి మలం బయటికి పోవడానికీ అవి తోడ్పడతాయి.

ముర్రుపాలు కొంచెమే వస్తాయి. అంతే రావాలి కూడా. మొదటి రోజున బిడ్డ ఒక్కోసారికి తాగేది కొన్ని మిల్లీలీటర్లే, టీస్పూనుకు అటూ ఇటూ. పాలు బాగా పడేది సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు. సిజేరియన్ తర్వాత ఒక రోజు ఆలస్యం కావచ్చు. ఈ మధ్య రోజుల్లో బిడ్డ తరచూ చీకడమే పాలు పడేలా చేస్తుంది.

కాబట్టి పుట్టగానే తేనె నాకించడం, చక్కెర నీళ్లు, ఆముదం, వస కొమ్ము అరగదీసి పెట్టడం, గ్రైప్ వాటర్ ఇవ్వడం వద్దు. తేనెలో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా పసిపిల్లల్లో నరాలను దెబ్బతీసే బొట్యులిజం అనే జబ్బు తేగలదు. ఏడాది నిండేవరకు తేనె ఇవ్వకూడదు. నాలుకపై తేనె పెట్టే ఆచారం ఇంట్లో ఉంటే, ఆ పెద్దవారి చేత బిడ్డను మొదటిసారి తల్లి ఒడిలో పెట్టించండి. పెద్దరికం నిలుస్తుంది, బిడ్డకూ క్షేమం.

బిడ్డను ఎలా పట్టించాలి

పాలివ్వడంలో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు పట్టించే తీరు సరిచేస్తే పోతాయి. తల్లి వీపుకు దిండు ఆనించి, భుజాలు వదులుగా పెట్టుకుని కూర్చోవాలి. తల్లి బిడ్డ మీదికి వంగకూడదు, బిడ్డనే రొమ్ము దగ్గరికి తెచ్చుకోవాలి. బిడ్డ తల, మెడ, ఒళ్లు ఒకే వరుసలో ఉండాలి. పొట్ట తల్లి పొట్టకు తగులుతూ ఉండాలి.

చనుమొనను బిడ్డ పై పెదవికి తాకించి, నోరు ఆవులించినట్టు పెద్దగా తెరిచాక పట్టించాలి. సరిగా పట్టుకున్నప్పుడు కనబడే గుర్తులు ఇవి:

- బిడ్డ గడ్డం రొమ్ముకు ఆని ఉంటుంది.
- కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది.
- నల్లని భాగం నోటి కింద కంటే పైన ఎక్కువ కనిపిస్తుంది.
- బుగ్గలు లోపలికి పోకుండా ఉబ్బుగా ఉంటాయి.
- మొదటి కొన్ని క్షణాలు దాటాక తల్లికి నొప్పి ఉండదు.

నొప్పి ఆగకపోతే లాగేయకండి. నోటి మూలలో శుభ్రమైన చిటికెన వేలు పెట్టి విడిపించి, మళ్లీ పట్టించండి. ఒక వైపు రొమ్మును బిడ్డ తనంతట తాను వదిలేదాకా తాగనిచ్చి, తర్వాత రెండో వైపు ఇవ్వండి. చివర్లో వచ్చే పాలలో కొవ్వు ఎక్కువ, కడుపు నిండేది దానితోనే. తర్వాతిసారి రెండో వైపు నుంచి మొదలుపెట్టండి.

రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు ఇవ్వాలి. గడియారం చూసి కాకుండా బిడ్డను చూసి ఇవ్వాలి. తల అటూ ఇటూ తిప్పడం, చేతిని నోట్లో పెట్టుకోవడం ఆకలి గుర్తులు. ఏడుపు చివరి గుర్తు. రాత్రిపూట పాలివ్వడం మానకండి. పాలు తయారయ్యేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోను రాత్రి ఎక్కువగా ఊరుతుంది.

చాలుతున్నాయా? లెక్క ఇదీ

"పాలు చాలడం లేదు" అనే మాట నోటికి వచ్చినప్పుడు ముందు ఈ నాలుగూ చూడండి.

మొదటిది మూత్రం. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, ఇలా పెరుగుతూ ఐదారు రోజులకు 24 గంటల్లో కనీసం ఆరుసార్లు గుడ్డ తడవాలి. మూత్రం లేత రంగులో ఉండాలి. మొదటి వారం డైపర్ కంటే గుడ్డ కడితే లెక్క తేలిగ్గా తెలుస్తుంది. గోడ క్యాలెండరు మీద ఒక్కో గీత పెట్టుకుంటూ పోండి.

రెండోది విరేచనం. నల్లటి మలం నాలుగైదు రోజులకు పసుపు రంగులోకి మారాలి. నెల, నెలన్నర దాటాక తల్లిపాలు తాగే కొందరు పిల్లలు రెండు మూడు రోజులకోసారే వెళ్తారు. మెత్తగా ఉన్నంతవరకు అది మలబద్ధకం కాదు.

మూడోది బరువు. పుట్టిన మొదటి రోజుల్లో ప్రతి బిడ్డా కొంత బరువు తగ్గుతుంది. 3 కిలోల బిడ్డ 2.8 కిలోలకు దిగితే కంగారు పడనక్కర్లేదు. పది శాతం తగ్గితే, అంటే అదే బిడ్డ 2.7 కిలోలకు వస్తే, వెంటనే డాక్టరు చూడాలి. పది నుంచి పద్నాలుగు రోజుల్లో పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి. ఆ తర్వాత మొదటి నెలల్లో రోజుకు సుమారు 25 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఒకే తూకం మీద చూడండి, కార్డులో రాయించుకోండి.

నాలుగోది తీరు. తాగేటప్పుడు గుటకలు వేయడం వినిపిస్తుందా? తాగాక పిడికిళ్లు విప్పి వదులుగా పడుకుంటుందా? మేలుకున్నప్పుడు చురుగ్గా ఉంటుందా?

ఈ నాలుగూ సరిగ్గా ఉంటే పాలు చాలుతున్నట్టే. సాయంత్రాలు బిడ్డ గంటల తరబడి రొమ్ము వదలకపోవడం, రెండు మూడు వారాలప్పుడు, ఆరు వారాలప్పుడు ఉన్నట్టుండి ఎక్కువ అడగడం మామూలే. రొమ్ములు మొదట్లోలా బిగువుగా లేకపోవడం, పిండితే కొంచెమే రావడం కూడా పాలు తగ్గిన గుర్తులు కావు. పిండినదాని కంటే బిడ్డ చీకి తీసుకునేది ఎక్కువ.

ఈ నాలుగింటిలో ఏదైనా తప్పితే మాత్రం "అదే సర్దుకుంటుంది" అని ఇంట్లో కూర్చోకండి. అదే రోజు చూపించండి.

పాలపొడి డబ్బా ఎప్పుడు?

రొమ్ము నుంచి పాలు ఎంత బయటికి పోతే అంత తయారవుతాయి. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ తక్కువ చీకుతుంది. తక్కువ చీకితే పాలు తగ్గుతాయి. వారానికల్లా "చెప్పాను కదా, చాలడం లేదు" అన్న మాట నిజమై కూర్చుంటుంది. సీసా పీకకు అలవాటు పడిన కొందరు పిల్లలు రొమ్ము దగ్గర మొరాయిస్తారు.

మన దేశంలో 1992లో వచ్చిన, 2003లో సవరించిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం రెండేళ్ల లోపు పిల్లల పాలపొడికి, పాల సీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదు. తల్లులకు ఉచిత నమూనాలు పంచకూడదు. డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ వేయకూడదు. ఆస్పత్రిలో ఎవరైనా ఫలానా కంపెనీ డబ్బా ఊరికే చేతిలో పెడితే అది ఎందుకని అడగండి.

అయితే డాక్టరు పరీక్షించి, బరువు చూసి, కొన్నాళ్లు పైపాలు కావాలని చెబితే ఇవ్వాల్సిందే. దానికి తల్లిని తప్పు పట్టకండి. డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే, కాచిన నీళ్లతో, ఏ పూటకు ఆ పూట కలపండి. డబ్బా ఎక్కువ రోజులు రావాలని పలచగా కలిపితే బిడ్డ ఎండిపోతుంది. సీసా కంటే మన ఉగ్గుగిన్నె మేలు. కన్నడంలో దీన్నే ఒళలె అంటారు. కడగడం, కాచడం తేలిక. ప్రతిసారీ ముందు రొమ్ము ఇచ్చి తర్వాతే పైపాలు పట్టండి. ఆవుపాలు ఏడాది నిండేదాకా ప్రధాన ఆహారంగా వద్దు.

నొప్పి, గడ్డలు, జ్వరం

చనుమొన పగిలితే ముందు పట్టించే తీరు సరిచేయండి. పాలిచ్చాక రెండు చుక్కల పాలు అక్కడే రాసి ఆరనివ్వండి. ప్రతిసారీ సబ్బుతో కడగకండి, చర్మం ఇంకా పొడిబారుతుంది.

పాలు పడేటప్పుడు రొమ్ములు గట్టిపడి సలుపుతాయి. తరచూ పట్టించడమే మందు. బిడ్డ పట్టుకోలేనంత గట్టిగా ఉంటే ముందు చేత్తో కొంచెం పిండి మెత్తబరిచి ఇవ్వండి. తాగాక చల్లని గుడ్డ వేస్తే ఉపశమనంగా ఉంటుంది.

ఒక చోట ఎర్రబడి, వేడిగా, నొప్పిగా ఉండి జ్వరం, వణుకు వస్తే అది రొమ్ము వాపు. డాక్టరుకు చూపించి, ఇచ్చిన మందులు పూర్తిగా వాడాలి. "జ్వరం పాలు బిడ్డకు వద్దు" అని ఆపేస్తే పాలు నిలిచి చీము గడ్డ కట్టే ప్రమాదం ఉంది. పాలిస్తూనే ఉండాలి. జలుబు, దగ్గు, మామూలు జ్వరానికీ ఇదే మాట. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని ఇవ్వండి.

చాలా మందులు పాలిచ్చే తల్లులు వాడదగినవే. థైరాయిడ్ మాత్రలు, షుగరు ఇన్సులిన్ ఆపనక్కర్లేదు. క్షయ, హెచ్ఐవీ, హెపటైటిస్ బి ఉన్న తల్లులు కూడా సరైన చికిత్సతో, డాక్టరు సలహాతో పాలివ్వవచ్చు. క్యాన్సర్ మందుల వంటి కొన్నింటికే పాలు ఆపాల్సి వస్తుంది. అది డాక్టరే చెబుతారు. మెడికల్ షాపులో అడిగి మందు వేసుకోవడం గానీ, మందు వేసుకున్నామని పాలు ఆపేయడం గానీ చేయకండి.

బాలింత పథ్యం

మన పెద్దలు చెప్పిన వాటిలో మంచివి చాలా ఉన్నాయి. నలభై రోజుల విశ్రాంతి, వేడివేడి భోజనం, చుట్టాల రద్దీ లేకుండా చూడడం, తల్లికి వేరే పని చెప్పకపోవడం, ఇవన్నీ పాలకు మేలు చేసేవే. మార్చుకోవాల్సినవి రెండు. దాహం వేసినా నీళ్లు ఇవ్వకపోవడం ఒకటి, కారం మెతుకులతో రోజులు గడపడం ఇంకొకటి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు, తర్వాతి ఆరు నెలలు 520 కేలరీలు అదనంగా కావాలి. అంటే దాదాపు ఒక పూట భోజనం అంత. రాగి ముద్ద, పప్పు, మునగాకు, మెంతికూర, సబ్బసిగె సొప్పు, గుడ్డు, చేపలు, పాలు, పెరుగు, పండ్లు అన్నీ తినవచ్చు. వెల్లుల్లి, పాలసొర చేప పాలు పెంచుతాయని మన ఇళ్లలో నమ్మకం. ఇష్టమైతే తినండి, కానీ బిడ్డ చీకడానికి బదులుగా పనిచేసే పదార్థం ఏదీ లేదు. కాఫీ, టీ రెండు కప్పులు దాటనివ్వకండి. ఆకు వక్కలో పొగాకు వేసుకునే అలవాటు ఉంటే మానాలి.

ఐరన్ మాత్రలు ప్రసవం తర్వాత కూడా 180 రోజులు వాడాలి. కాల్షియం మాత్రలు కూడా ఆరు నెలలు. బిడ్డకు విటమిన్ డి చుక్కలు ఎప్పటి నుంచి, ఎంత అన్నది పిల్లల డాక్టరు రాసిస్తారు. అలాంటి మందు చుక్కలు 'తల్లిపాలు మాత్రమే' అన్న నియమానికి అడ్డు కావు.

నెలలు నిండని పిల్లలు, పాల బ్యాంకులు

రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు తల్లిపాలు ఇంకా ఎక్కువ అవసరం. చీకే బలం లేకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి. బిడ్డ ఎన్ఐసీయూలో ఉన్నా తల్లి రోజుకు ఎనిమిది సార్లయినా పాలు పిండాలి, లేకపోతే బిడ్డ బయటికి వచ్చేసరికి పాలు తగ్గిపోతాయి. ఛాతీకి ఆనించి పెట్టుకునే కంగారూ పద్ధతి తండ్రి కూడా చేయవచ్చు.

తల్లి పాలు అందని అలాంటి పిల్లల కోసమే పాల బ్యాంకులు. ఆసియాలో మొదటిది 1989లో ముంబయిలోని సయాన్ ఆస్పత్రిలో మొదలైంది. హైదరాబాదు నీలోఫర్ ఆస్పత్రిలో 2017లో 'ధాత్రి' వచ్చింది. బెంగళూరులో మార్కెట్ దగ్గరి వాణీ విలాస్ ప్రభుత్వ ఆస్పత్రిలో 2022లో 'అమృతధారె' మొదలైంది. పాలు ఇచ్చే తల్లికి రక్త పరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, గడ్డకట్టించి నిల్వ చేస్తారు. మీ బిడ్డకు చాలినన్ని ఉండి ఇంకా మిగులుతుంటే దానం చేయవచ్చు. తల్లిపాలను అమ్మడం, కొనడం కుదరదని ఆహార భద్రతా సంస్థ 2024 మే నెలలో స్పష్టం చేసింది. తెలిసినవాళ్ల దగ్గరైనా పరీక్ష లేని పాలు తీసుకోవద్దు.

పుట్టింటి నుంచి బెంగళూరుకు

మొదటి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆనవాయితీ. అమ్మాయి హిందూపురానికో, మదనపల్లెకో, అనంతపురానికో వెళ్లి, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక బెంగళూరుకు తిరిగి వస్తుంది. పాలు తగ్గే రెండో ప్రమాదం ఇక్కడ ఉంది. అక్కడ అమ్మ తోడు ఉంటుంది, ఇక్కడికి రాగానే వంట, ఇల్లు, ఆఫీసు మీద పడతాయి. బిడ్డకు కొత్త చోటు, రెండు రోజులు చిరాకు పడుతుంది. మళ్లీ అదే మాట వినిపిస్తుంది.

తిరిగి వచ్చిన మొదటి వారం తల్లికి వంటింటి పని పెట్టకండి. టీకాల కార్డు, ఆస్పత్రి కాగితాలు వెంట తెచ్చుకుని ఇక్కడి ఆరోగ్య కేంద్రంలో చూపించి, బరువు తూచి, మిగతా టీకాలు ఎప్పుడో రాయించుకోండి. ప్రయాణంలో బిడ్డకు నీళ్లు, బిస్కెట్లు వద్దు. చున్నీ కప్పుకుని బస్సులోనే పాలివ్వవచ్చు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కర్ణాటక కోడలిగా కొత్తగా వచ్చి కన్నడం రాని అమ్మాయికి ఆస్పత్రిలో పనికొచ్చే మాటలు కొన్ని: ఎదెహాలు అంటే తల్లిపాలు, గిణ్ణుహాలు అంటే ముర్రుపాలు, బాణంతి అంటే బాలింత, మగు అంటే బిడ్డ, తూక అంటే బరువు, ఎదె నోవు అంటే రొమ్ము నొప్పి. "మగు హాలు కుడియుత్తిల్ల" అంటే బిడ్డ పాలు తాగడం లేదు. తల్లీబిడ్డల వివరాలు రాసే కార్డును ఇక్కడ తాయి కార్డు అంటారు.

ఉద్యోగం చేసే తల్లులకు

ప్రసూతి చట్టానికి 2017లో వచ్చిన సవరణ ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. అందులో ఎనిమిది వారాల వరకు కాన్పుకు ముందు తీసుకోవచ్చు. మూడో బిడ్డకు 12 వారాలు. కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి. యాభై మంది, అంతకు మించి ఉన్న చోట పిల్లల సంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి రావచ్చు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి. ఇది ఐటీ కంపెనీలకే కాదు, పీణ్యా, బొమ్మనహళ్లి గార్మెంట్ ఫ్యాక్టరీలకూ వర్తిస్తుంది. ఈఎస్ఐ ఉన్నవారికి ఆ పథకం కిందే 26 వారాల డబ్బు వస్తుంది.

చేరడానికి రెండు వారాల ముందు నుంచే పాలు పిండడం అలవాటు చేసుకోండి. చేతులు కడుక్కుని, బొటనవేలు, చూపుడు వేలు నల్లని భాగం అంచున పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి నొక్కాలి. మరిగించిన స్టీలు గిన్నెలో పట్టి మూత పెట్టండి. గది వేడి 25 డిగ్రీలు దాటకపోతే బయట నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో లోపలి అరలో పెడితే 24 గంటల్లో వాడేయండి. పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో వేడిచేయకుండా వేడి నీళ్ల గిన్నెలో ఉంచి గోరువెచ్చన చేయండి. బిడ్డ తాగి మిగిల్చినవి దాచకండి. ఇంటికి రాగానే, రాత్రి, తెల్లవారుజామున రొమ్ము ఇస్తూ ఉంటే పాలు నిలుస్తాయి.

ఆరు నెలలు నిండాక

మెత్తగా చేసిన రాగి జావ, పప్పన్నం, మెదిపిన అరటిపండు, ఉడికిన కూరగాయలతో మొదలుపెట్టండి. చెంచా పక్కకు వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి. కొంచెం నెయ్యి వేయండి. ఏడాది లోపు ఉప్పు, చక్కెర వద్దు. తల్లిపాలు మాత్రం కొనసాగాలి.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

బిడ్డ పాలు తాగడం మానేసినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, ఒళ్లు వేడిగా గానీ చల్లగా గానీ మారినా, ఆయాసపడుతున్నా, ఎనిమిది గంటలు మూత్రం పోకపోయినా, పచ్చదనం అరచేతులు, అరికాళ్లదాకా వచ్చినా రాత్రి అయినా సరే తీసుకెళ్లండి. అంబులెన్సుకు 108. కామెర్లకు పొద్దుటి ఎండ మందు కాదు.

తల్లి మనసునూ గమనించండి. మొదటి వారంలో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, తనకో బిడ్డకో ఏదైనా చేసుకోవాలనిపిస్తే అది జబ్బు, సోమరితనమో పొగరో కాదు. నిమ్హాన్స్‌లో తల్లిని, బిడ్డను కలిపి చేర్చుకుని చూసే విభాగం ఉంది. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళకైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఆరోగ్య సలహాకు కర్ణాటకలో 104. ఆశా కార్యకర్త తిరిగే ప్రాంతాల్లో ఆస్పత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలి. రాకపోతే దగ్గరి ఆరోగ్య కేంద్రంలో అడగండి. అంగనవాడీలో 'మాతృపూర్ణ' పథకం కింద గర్భిణికి, బాలింతకు వేడి భోజనం ఇస్తారు. మనం ఇక్కడ ఎన్ని తరాలుగా ఉన్నా, ఇంట్లో ఏ భాష మాట్లాడినా, ఇవి మన హక్కే.

చివరగా ఇంటి పెద్దలకు ఒక మాట. బిడ్డ ఏడ్చిన ఆ రాత్రి గదిలో మీరు ఏం అంటారన్నది ఆ అమ్మాయి చాలా ఏళ్లు గుర్తుంచుకుంటుంది. "పాలు చాలడం లేదేమో" అనే బదులు "ఎన్ని గుడ్డలు తడిసాయో చూద్దాం, ఈలోపు నువ్వు కాసేపు పడుకో, నేను బిడ్డను ఎత్తుకుంటాను" అనండి. లెక్క సరిగ్గా ఉంటే అందరికీ ధైర్యం. తప్పితే పొద్దున్నే డాక్టరు దగ్గరికి మీరే తోడు వెళ్లండి.